నత్రజని వద్దన్న ఎలక్ట్రాన్

టాండెమ్ యాక్సిలరేటర్ పుట్టింది పరమాణు కేంద్రకాలను ఢీకొట్టి వాటి గుట్టు రాబట్టడానికి. మొదటిది 1950ల చివర కెనడాలోని చాక్ రివర్‌లో పని మొదలుపెట్టింది. పైకి కనిపించేది పొడవాటి ఉక్కు ట్యాంకు. దాని నడుమ లక్షల వోల్టుల ధనావేశంతో ఒక టెర్మినల్ ఉంటుంది. ఒక చివర నుంచి రుణ అయాన్లను వదిలితే టెర్మినల్ వాటిని తనవైపు లాక్కుంటుంది. అక్కడ పలచని వాయువులోంచి దూసుకెళ్తూ అవి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ధన అయాన్లవుతాయి. అంతవరకు లాగిన టెర్మినలే ఇప్పుడు వాటిని అవతలికి నెట్టేస్తుంది. ఒకే వోల్టేజి రెండుసార్లు అక్కరకొస్తుంది.

అంతకంటే పెద్ద యంత్రాలు వచ్చాక కేంద్రక భౌతికవేత్తలు చాలామంది వాటివైపు వెళ్లిపోయారు. టాండెమ్‌లకు కొత్త పనులు దొరికాయి. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర 30 లక్షల వోల్టుల టాండెమ్ ఒకటుంది. పదార్థాల పైపొరల్లో ఏ మూలకం ఎంత లోతున ఉందో అది చెబుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం పాతకాలపు వస్తువుల వయసు చెప్పే పని.

రసాయన శాస్త్రవేత్త విల్లర్డ్ లిబ్బీ 1949 నాటికే, కాలంతోపాటు విచ్ఛిన్నమైపోయే కార్బన్-14తో వయసు కట్టాడు. కానీ విచ్ఛిన్నమయ్యే పరమాణువులను లెక్కపెట్టే ఆయన పద్ధతికి గ్రాముల కొద్దీ కార్బన్ కావాలి. ఈమధ్యే కోసిన ఆకులోంచి తీసిన మిల్లీగ్రాము కార్బన్‌లో కార్బన్-14 పరమాణువులు సుమారు 6 కోట్లుంటాయి. వాటి అర్ధాయువు 5,730 ఏళ్లు కాబట్టి, గంటసేపు కాచుకుని కూర్చున్నా సగటున ఒక్కటి కూడా విచ్ఛిన్నం కాదు. అలా ఎదురుచూడకుండా ఉన్నవాటినే లెక్కపెడదామంటే, లక్ష కోట్ల మామూలు పరమాణువుల్లోంచి ఒక్కదాన్ని ఏరాలి. పైగా గాలి నిండా ఉన్న నత్రజని-14 బరువు కూడా దాదాపు అంతే.

1977లో అమెరికాలోని రోచెస్టర్‌లో హ్యారీ గోవ్, టెడ్ లిథర్లాండ్, కెన్ పర్సర్‌ల బృందం, కెనడాలోని మెక్‌మాస్టర్‌లో మరో బృందం దారి చూపాయి. నత్రజని అదనపు ఎలక్ట్రాన్‌ను నిలుపుకోలేదు, కార్బన్ నిలుపుకుంటుంది. టాండెమ్‌లోకి రుణ అయాన్లకే ప్రవేశం కనుక నత్రజని గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇక మిగిలేవి కార్బన్-13కి హైడ్రోజన్ అతుక్కుని అదే బరువుతో వచ్చే అణువులు. టెర్మినల్‌లో మూడు నాలుగు ఎలక్ట్రాన్లు ఊడేసరికి అవి ముక్కలైపోతాయి. కేంద్రకాల కోసం చేసుకున్న ఏర్పాటు ఈ పనికి కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. ఈ పొందిక గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1988లో యేసు దేహానికి చుట్టినదని చాలామంది నమ్మే ట్యూరిన్ వస్త్రపు చిన్న ముక్కలను ఆక్స్‌ఫర్డ్, ఆరిజోనా, జ్యూరిక్‌లలో పరీక్షించి, అది 1260-1390 నాటిదని తేల్చారు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జి అనే ప్రాచీన మానవుడు 5,000 ఏళ్లకు పైబడినవాడని చెప్పిందీ ఈ లెక్కే.

ఆ తర్వాత జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ సుటర్, హాన్స్-ఆర్నో సినాల్ అసలు ఇన్ని వోల్టులు కావాలా అని అడిగారు. అక్కర్లేదని తేలింది. టెర్మినల్‌లో వాయువును కాస్త చిక్కగా నింపితే, ఒక్క ధనావేశమే మిగిలినా ఆ గుద్దుళ్లకే అణువులు పగిలిపోతున్నాయి. అలా తయారైన మికాడాస్ అనే యంత్రానికి 2 లక్షల వోల్టులు, రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు చాలు.

1866 అని తేదీ వేసున్న ఒక తైలవర్ణ చిత్రం నుంచి 200 మైక్రోగ్రాములకు లోపు రంగు గీరి జ్యూరిక్‌లో పరీక్షించారు. రంగు కలిపిన నూనెలో 1950ల నుంచి జరిగిన అణుపరీక్షలు గాలిలోకి వదిలిన కార్బన్-14 బయటపడింది. ఆ నూనెనిచ్చిన మొక్క మొలిచేనాటికి ఆ తేదీకి ఎంత తక్కువన్నా దాదాపు నూరేళ్లు నిండాయి.