మేడ అమ్మాలంటే మబ్బుల్లోకి ఎగరాలా?

పెళ్లి మండపాల మీద చక్కర్లు కొట్టిన డ్రోన్ ఇప్పుడు ‘ఇల్లు అమ్మబడును’ ప్రకటనల్లోకి దిగింది. హైదరాబాద్ శివార్లలో వెంచర్ వేసినవాళ్లు, విశాఖలో సముద్రం కనిపించే ఫ్లాటు అమ్మేవాళ్లు, కోనసీమలో కొబ్బరితోటతో సహా పెంకుటిల్లు బేరం పెట్టినవాళ్లు... అందరి వీడియోలూ ఇంచుమించు ఒకే తీరు. గేటు ముందు నుంచి కెమెరా నిటారుగా పైకి లేస్తుంది, గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతుంది, వెనక సినిమా సంగీతం హోరెత్తుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగొస్తుందా అంటే మాత్రం, ఆ అమ్మే సొత్తు విలువ నాలుగు గోడల లోపల ఉందా, బయట ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

విలువ బయట ఉన్నచోట డ్రోన్‌కు సాటి లేదు. మూడెకరాల మామిడితోటలో చిన్న ఇల్లు ఉందనుకుందాం. కొనేవారు అడిగేది పడగ్గది కొలతలు కాదు. తారురోడ్డు ఎంత దూరం? దారి మనదేనా, పక్కవాళ్ల పొలంలోంచి నడవాలా? బోరు ఏ మూల ఉంది? కాలువ ఆనుకుని వెళ్తోందా? నేల మీద నిలబడి ఎన్ని ఫోటోలు తీసినా చెట్లే కనిపిస్తాయి. పాతిక, ముప్పై మీటర్ల ఎత్తు నుంచి తీసిన అర నిమిషం వీడియో ఈ ప్రశ్నల్లో చాలావాటికి ఒక్కసారే జవాబిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని సొంతూళ్లో తోట కొనాలని చూసేవారికి ఇది మరీ అవసరం. చూసి పెట్టమని బావమరిదిని పంపే ముందు, పంపాలో వద్దో తేల్చుకోవచ్చు.

అదే అపార్టుమెంట్లో మూడో అంతస్తు డబుల్ బెడ్రూం ఫ్లాటుకు డ్రోన్ తెప్పిస్తే ఏం కనిపిస్తుంది? నలభై కుటుంబాలకు ఉమ్మడిగా ఉన్న డాబా, నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు. కొనేవారికి కావాల్సింది వంటింట్లోకి వెలుతురు ఎంత వస్తోంది, లిఫ్టు పనిచేస్తోందా, కారు ఎక్కడ పెట్టుకోవాలి, నెలనెలా మెయింటెనెన్స్ ఎంత అన్నవే. ఇరుకు గల్లీలో గోడకు గోడ ఆనించి కట్టిన ఇంటి సంగతీ అంతే. అక్కడ ఆ డబ్బుతో సున్నం వేయించి, అడ్డంగా ఉన్న సామాను తీయించి, పొద్దున పది గంటల వెలుతురులో ఒక్కో గదినీ చక్కగా ఫోటో తీయిస్తే ఎక్కువ లాభం.

పొడవాటి టవర్ల కథ వేరు. చికాగోకు చెందిన స్కైపాన్ అనే సంస్థ ఒక కిటుకును తొలినాళ్లలోనే పట్టుకుంది. ఇంకా కట్టని టవర్లో ఫలానా అంతస్తు కిటికీలోంచి ఏం కనిపించబోతోందో, సరిగ్గా ఆ ఎత్తుకు కెమెరాను పంపి ఫోటోలు తీసి బిల్డర్లకు ఇచ్చేది. ఫ్లాటు కొనేవారికి అంతకన్నా పనికొచ్చే డ్రోన్ ఫోటో మరొకటి ఉండదు. కానీ 2012-14 మధ్య న్యూయార్క్, చికాగో నగరాల మీద అనుమతి లేకుండా 65 సార్లు ఎగరేసిందంటూ అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2015లో ఆ సంస్థకు 19 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. చివరికి 2017 జనవరిలో 2 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా, 2016 ఆగస్టులో, వ్యాపారం కోసం డ్రోన్ ఎగరేసేవారికి అక్కడ పైలట్ సర్టిఫికెట్ విధానం వచ్చింది. ఇల్లు అమ్మడానికి తీసే ఫోటోలు సరదా కింద లెక్కకు రావు. టెక్సాస్‌లో ఇల్లు అమ్ముకునే తెలుగువారికీ అదే నియమం.

వేలంపాటలో ఎకరం ధర 100 కోట్లు దాటిన హైదరాబాద్ కోకాపేట నియోపోలిస్‌లో ఇప్పుడు అలాంటి టవర్లే లేస్తున్నాయి. అంతస్తుకు 3 మీటర్లు వేసుకుంటే 40వ అంతస్తు 120 మీటర్ల ఎత్తు, అంటే 400 అడుగులు. మన దేశంలో ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ డ్రోన్‌కు హద్దు అదే. యాభయ్యో అంతస్తు వ్యూ చూపించాలంటే అనుమతి తెచ్చుకోవాల్సిందే.

పైనుంచి తీసిన ఫోటో యజమాని పక్షాన మాత్రమే మాట్లాడదు. ఈ సంగతి అమ్మేవాళ్లు తరచూ మరిచిపోతారు. పోస్టర్‌లో అందంగా కనిపించిన ఇంటికి ఎదురుగా వచ్చి ఆగే రోడ్డు డ్రోన్ షాట్‌లో గీత గీసినట్టు తేలుతుంది. వీధిపోటు అంటూ కొనేవారు అక్కడితో వీడియో ఆపేస్తారు. ఈశాన్యం తగ్గిందా, నైరుతి పెరిగిందా అన్నది చెప్పడానికి ఇక సిద్ధాంతిగారు రానక్కర్లేదు. ప్లాన్‌లో రెండంతస్తులే ఉండి పైన పెంట్‌హౌస్ వేసుకుంటే అదీ బయటపడుతుంది. వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో కట్టిన బాత్రూం, పక్క వీధిలోంచి వెళ్లే హైటెన్షన్ లైను, వెనక నాలా అన్నీ ఫ్రేములోకి వస్తాయి. హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ 2024 జులైలో ఏర్పడ్డాక ‘లేక్ వ్యూ’ అన్న మాట కూడా మునుపటిలా ముచ్చటగా లేదు. చెరువు ఎంత దగ్గరగా కనిపిస్తే చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు, బఫర్ జోన్ గురించి అన్ని ప్రశ్నలు. కొనేవారికి ఇది మేలే. అమ్మేవారు దాచాల్సింది ఏదైనా ఉంటే డ్రోన్ జోలికి పోకపోవడమే తెలివి, ఎలాగూ ఆ దాపరికం కొనేవారు వచ్చి చూసే నాటికి నిలవదనుకోండి.

వెంచర్ వీడియోల్లో ప్లాటు చుట్టూ మెరిసే ఎర్ర గీత ఒకటి ఉంటుంది. అది సర్వేయర్ గీసింది కాదు, వీడియో ఎడిటర్ గీసింది. డ్రోన్‌తో హద్దులు కొలవచ్చు, నిజమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో మొదలైనప్పుడు డ్రోన్లనూ వాడారు. అయితే ఆ సర్వేకు నేల మీద శాటిలైట్ సంకేతాలు అందుకునే బేస్ స్టేషన్లు, రోవర్లు, హద్దురాళ్లు, రైతు ఎదుట జరిగే విచారణ తోడున్నాయి. పెళ్లి వీడియోల కుర్రాడి కెమెరాకు అవేవీ లేవు. స్థిరాస్తి చట్టం రెరా కింద నమోదు కావాల్సిన ప్రాజెక్టు ప్రకటనలో, నేల మీద లేని రోడ్డునో పార్కునో చూపిస్తే, దాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ఆ చట్టంలోని 12వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కుంది. సొంత ఇల్లు అమ్ముకునే మామూలు యజమాని రెరా పరిధిలోకి రారు. అయినా పక్కవాళ్ల జాగాను కూడా కలిపి ఎర్ర గీత గీయిస్తే రిజిస్ట్రేషన్ నాడు రచ్చ తప్పదు.

ఇక ఎగరేయడం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపు మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేస్తే అక్కర్లేదు గానీ, డబ్బు తీసుకుని ఇల్లు షూట్ చేస్తే కావాలి. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు. 8 కిలోమీటర్ల లోపలైతే నేల మీంచి లేవడానికే అనుమతి కావాలి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ రన్‌వేలు ఉన్న హైదరాబాద్‌లో ఇది చాలా కాలనీలకు తగిలే మెలిక. విశాఖలో నౌకాదళ స్థావరాలకు 3 కిలోమీటర్ల పరిధిలో డ్రోన్లు ఎగరకూడదని 2021లోనే నౌకాదళం ప్రకటించింది, కాబట్టి సముద్రం వ్యూ అనగానే లేపడం కుదరదు. ఏ చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో రంగులతో సహా కనిపిస్తుంది. ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు.

తోట, ఫామ్‌హౌస్, మూల ప్లాటు, పెద్ద ఆవరణ ఉన్న ఇల్లు అమ్మేవారు డ్రోన్ తప్పకుండా పెట్టించుకోవచ్చు. ముందురోజే డాబా మీది విరిగిన కూలర్లు, పాత మంచాలు దించేయండి. ఇరుగుపొరుగుకు ఫలానా టైముకు తీస్తున్నామని చెప్పండి, వాళ్ల పెరళ్లు కూడా కెమెరాలో పడతాయి. ఆపరేటర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు, నానో డ్రోన్ కాకపోతే పైలట్ సర్టిఫికెట్ చూపించమనండి. అవి చూపించకుండా మాట దాటేస్తే, ఎంత తక్కువకు చేస్తానన్నా ఇంకొకరిని వెతుక్కోండి.