శుభకృత్తులో ఒక అభిమాని ఆదాయ వ్యయాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నవారు తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వేళ్లు మడిచి లెక్కించుకొంటారు. సంగీతాభిమానికి మాత్రం ఏ సిద్ధాంతిగారూ ఈ లెక్క చెప్పరు. ఏడాది గడచిన పిమ్మట తన పద్దు తానే వ్రాసుకోవలసి ఉంటుంది. కొల్లేటికోటలో చేపల వ్యాపారం చేసుకొనే ఒక అభిమాని 2023 మార్చి 21తో ముగిసిన శుభకృత్ నామ సంవత్సరానికి తన చిట్టా పుస్తకపు చివరి పుటలలో అట్టి పద్దు వ్రాసినాడు. ఒక ప్రక్క జమ, ఒక ప్రక్క ఖర్చు.

కొల్లేటికోట సరస్సు నడుమనున్న లంక. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేటి దారిని సముద్రానికి పోయేముందు ఈ పల్లంలో నిలుస్తుంది. నీటిమీద పాట దూరం పోతుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి ప్రారంభమైన పిదప ఈ లంకలకు పాట రేడియో మూలంగానే వచ్చినది. పాడినవారి పేరు పాటకు ముందో వెనుకో ఒక్కసారి వినిపించేది. ఆ క్షణాన దోనె దిగుతున్నవాడికి పాట దక్కేది గాని పేరు దక్కేది కాదు. మన అభిమాని చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఆ సంవత్సరం 2022 ఏప్రిల్ 2న ప్రవేశించినది. రెండు రోజులకే కైకలూరు మండలంతో పాటు కొల్లేటికోట కృష్ణా జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. “జిల్లా మారితే మారింది, ఘంటసాల మావాడు కాకపోతాడా?” అని అతడు నవ్వినాడట. ఘంటసాల వేంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి గుడివాడకు సమీపంలోనిదే. 2022 డిసెంబరు 4న ఆయనకు నూరేళ్లు నిండినవి. విజయనగరంలో మధుకరం ఎత్తుకొని సంగీతం నేర్చిన బాలుని పేర ఊరూరా సభలు జరగడం జమ కాక మరేమి? కాని అన్ని సభలలోను పాడిన పాటలే పాడినారని అతని ఫిర్యాదు. అది న్యాయమైనదే. మనవారు గొప్ప గాయకునికి పది పాటల గిరి గీచి, అందులోనే ఊరేగిస్తారు.

ఖర్చు ఫిబ్రవరిలో వచ్చి పడినది. 2023 ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ హైదరాబాదులో కన్నుమూసినారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైనది కూడ ఫిబ్రవరి 2నే. రేపల్లెలో 1930లో జన్మించిన ఆయన సినిమారంగంలో మొదట చేసినది దర్శకత్వం కాదు. వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం. చిత్రాన్ని చెవితో కట్టడం ఆయనకు అక్కడ అలవడి ఉంటుంది.

రెండవ దెబ్బ రెండు రోజులకే తగిలినది. ఫిబ్రవరి 4న వాణీ జయరాం చెన్నైలో మరణించినారు. పద్మభూషణ్ ప్రకటన వెలువడి అప్పటికి పది రోజులు. పతకం ఆమె చేతికి అందనే లేదు. తమిళనాట వేలూరులో పుట్టిన ఆ గాయనికి వచ్చిన జాతీయ పురస్కారాలు మూడింటిలో రెండు తెలుగు చిత్రాల పాటలకే. ఒకటి ‘శంకరాభరణం’, రెండవది ‘స్వాతికిరణం’. రెండూ విశ్వనాథ్ చిత్రాలే. రెండింటికీ సంగీతం కె.వి. మహదేవన్‌దే.

ఇక్కడ మన అభిమాని పద్దులో కొట్టివేతలు కనిపిస్తాయి. ‘స్వాతికిరణం’లో శిష్యుని ప్రతిభకు గురువు అసూయపడతాడు. ఆ బాలుని గొంతులో వినిపించే పాటలను ఇతడు ముప్పది యేండ్లు కూనిరాగం తీసినాడు; పాడినది నిజంగా ఎవరో పిల్లవాడే అనుకొన్నాడు. అది వాణీ జయరాం గొంతు అని ఆమె పోయిననాడు టెలివిజనులో విని తెలుసుకొన్నాడు. వ్యయం అన్నచోట మొదట ఆమె పేరు వ్రాసి, కొట్టివేసి, అవమానం అన్నచోట తన పేరు వ్రాసుకొన్నాడు. ఈ శిక్ష కొంచెం కఠినమే. అయినను, మనలో ఎందరికి ఏ పాట ఎవరిదో సరిగా తెలుసు?

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. పడవలు, బండ్లు, డప్పులు, మైకులు. సంగీతమని చెప్పలేము, కాదని కూడ చెప్పలేము. ఆ పక్షం రోజులూ అతడు పద్దు తెరవలేదు.

పూర్ణిమ వెళ్లి వారం తిరిగేలోగా, మార్చి 13 ఉదయం, లాస్ ఏంజెలెస్ నుండి కబురు వచ్చినది. ‘ఆర్ ఆర్ ఆర్’లోని ‘నాటు నాటు’ పాటకు ఆస్కారు! వ్రాసినది చంద్రబోస్, కూర్చినది కొవ్వూరులో పుట్టిన కీరవాణి. పాటలో తొంబది పాళ్లు ఒక పూటలో వచ్చినవని, మిగిలిన పది పాళ్లకు ఏడాది ఏడు నెలలు పట్టినవని చంద్రబోస్ చెప్పినారు. వ్యాసం వ్రాయలేక కలం కొరికే విద్యార్థులకు ఇది కొంత ఊరట. ఆ నృత్యాన్ని 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఒక రాజభవనం ముందు చిత్రించినారు. నెలలు గడవకుండా ఆ దేశం యుద్ధం పాలైనది.

వేదికపై కీరవాణి తన కృతజ్ఞతను పాటగా పాడినారు. కార్పెంటర్స్ వింటూ పెరిగానన్నారు. వారు అమెరికాలో అన్నాచెల్లెళ్ల గాయక జంట. మనవారు కొందరు వడ్రంగులని అర్థం చేసుకొన్నారు! అభిమాని ఆ పొరపాటుకు నవ్వలేదు. పేర్లు తెలియకపోవడం ఎట్టిదో అతడు నెల క్రిందటనే అనుభవించి ఉన్నాడు.

రాజపూజ్యం గడిలో ఆస్కారు వ్రాసినాక అతనికి మరొకటి జ్ఞాపకం వచ్చినది. 1995లో వచ్చిన ‘శుభసంకల్పం’ బెస్తవారి కథ. దర్శకుడు విశ్వనాథ్, నటునిగా తొలిసారి తెరపైకి వచ్చినది కూడ అందులోనే. నిర్మించినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, సంగీతం కీరవాణిది. వల విసిరే బ్రతుకు కనుక ఆ చిత్రం లంకలవారికి తమ ఇంటి కథవలె తోచినది. ఖర్చులో ఉన్న పేరు, జమలో ఉన్న పేరు అక్కడ ఒకే చిత్రంలో చేరినవి. దానిని ఏ గడిలో వ్రాయాలో తోచక పుట అడుగున వ్రాసినాడు.

మార్చి 22న శోభకృత్ ప్రవేశించినది. వేపపువ్వు పచ్చడి తిని అతడు కొత్త పుట తిప్పినాడు. జమ, ఖర్చు గీతలు గీయలేదు. పైన వాణీ జయరాం అని వ్రాసి, మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, సెల్‌ఫోనులో ఒక్కొక్క పాట విని, దాని పేరు క్రిందకు దింపుతూ పోయినాడు. మధ్యాహ్నానికి పదునాలుగు అయినవి. చేపల లారీ రావడంతో లేచినాడు.