తీర్పరి లేని ఆట

నిజామాబాదు కలెక్టరు మైదానమునందు పరుగు పందెములు నేర్చుకొనుటకై తండ్రి వెంట వచ్చుచుండిన ఒక బాలిక, తక్కిన ఆటలన్నిటిలో ఆడపిల్లలు కనబడుచుండగా బాక్సింగునందు మాత్రము ఒక్కరును లేకుండుటకు కారణమేమని ఆయన నడిగి, తుదకు తానే చేతులకు గ్లవుజులు తొడిగి, 2015లో జలంధరున జరిగిన అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో స్వర్ణపతకము గెలిచి, 2022లో ఇస్తాంబులునందును మఱుసటి యేడు ఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచిన కథ ఈ సీమలో ఎఱుగనివారు లేరు. ఆ నిఖత్ జరీన్‌తోపాటు, పదునాలుగేండ్లు నిండకమునుపే 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నధిరోహించిన పాకాల గ్రామపు మాలావత్ పూర్ణను, భారత హాకీ జట్టున ఆడిన యెండల సౌందర్యను, భారత ఫుట్‌బాలు జట్టున ఆడుచున్న గుగులోతు సౌమ్యను కన్న జిల్లా యిది. ఇట్టి నేలపై నిలిచి క్రొత్త ఆట నొకదానిని గూర్చి చెప్పబూనినపుడు, వినువారు దొరకుదురా యను సందేహము నాకు లేదు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయ ప్రాంగణములోను, నిజామాబాదు, బోధను కళాశాలల మైదానములలోను సాయంకాలము బంతి వెంట పరుగిడు యువతీయువకులకే యిది ముఖ్యముగా చెప్పవలసినది.

ఆ ఆట పేరు అల్టిమేట్ ఫ్రిస్బీ. బంతికి మాఱుగా ఇందులో 175 గ్రాముల బరువును, ఇంచుమించు 27 సెంటీమీటర్ల వ్యాసమును గల ప్లాస్టిక్ డిస్కు ఉండును. 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల మైదానమున ఇరుకొనలను 18 మీటర్ల లోతున గీత గీసి విడిచిన భాగములే గమ్యస్థానములు. జట్టునకు ఏడుగురు. డిస్కు చేత నున్నవాడు దానితో పరుగిడరాదు. ఒక పాదమును నేలపై స్థిరముగా నిలిపి, రెండవ పాదముతో అటునిటు తిరుగుచు, ఎదుట నిలిచిన ప్రత్యర్థి బిగ్గరగా పది లెక్కించులోపల దానిని తనవారిలో నొకరికి విసరవలెను. గమ్యస్థానమున నున్న ఆటగాడు దానిని గాలిలోనే అందుకొన్నచో ఒక పాయింటు. డిస్కు నేల రాలినను, గీత దాటినను, ఎదుటివారు నడుమ అందుకొన్నను, అది వెంటనే వారి వశమగును. అంతవఱకు కాచుకొనుచున్నవారు ఆ క్షణముననే దాడిచేయువారగుదురు. సాధారణముగా ముందుగా 15 పాయింట్లు సాధించిన జట్టుదే గెలుపు.

చూచుటకు సులభముగా దోచు ఈ విసరుటలో ఎంత విద్య కలదో చేత పట్టినవారికే తెలియును. కొంచెము మోర యెత్తి ముందునకు సాగు డిస్కు తన క్రింది గాలిని అణచుచు తాను పైకి లేచును; అయితే అట్లు లేచుచున్న వస్తువు ఒరగిపోక నిలుచుటకు కారణము దాని భ్రమణమే. మణికట్టు చాలినంత తిరుగుడు నీయనిచో డిస్కు రెండు బారలు పోకమునుపే ప్రక్కకు వాలి నేలకూలును. చేతిని దేహమున కడ్డముగా చాచి విసరు బ్యాక్‌హ్యాండ్, చూపుడు, నడిమి వ్రేళ్ళ విదలింపుతో విసరు ఫోర్‌హ్యాండ్, తలమీదుగా తలక్రిందులుగా విసరు హ్యామర్ అనునవి మూడును వచ్చినగాని ఆటగాడు నమ్మదగినవాడు కాడు. చెరుకు నరికిన పొలముల మీదుగా అడ్డులేక వీచు మన వేసవి గాలిలో ఈ విద్య నేర్చినవాడు ఏ ఊరి మైదానమునకు బోయినను తడబడడని నా నమ్మకము.

ఈ ఆట విద్యార్థుల సృష్టి. కనెటికట్ రాష్ట్రమున ఫ్రిస్బీ యను రొట్టెల వ్యాపార సంస్థ వాడిన రేకు పళ్ళెములను విద్యార్థులు విసరుకొనుటయు, వాల్టర్ ఫ్రెడరిక్ మారిసన్ ప్లాస్టిక్ డిస్కును రూపొందించుటయు, వామ్-ఓ సంస్థ దానిని 1957 నుండి విక్రయించుటయు పూర్వగాథ. అసలు కథ 1968లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి మేపుల్‌వుడ్‌లో, కొలంబియా ఉన్నత పాఠశాలలో మొదలైనది. జోయెల్ సిల్వర్ అను విద్యార్థి ఈ ఆటను ప్రతిపాదింపగా, బజీ హెల్‌రింగ్, జానీ హైన్స్ అను మిత్రులతో కలిసి అతడు నియమములు వ్రాసెను. రాత్రివేళ దీపములు వెలుగు పాఠశాల వాహనముల నిలుపుచోటే వారికి మైదానమైనది. ఆ సిల్వరే పిమ్మట హాలీవుడ్‌లో ‘డై హార్డ్’, ‘మేట్రిక్స్’ చిత్రముల నిర్మాత యయ్యెను. పాఠశాల విడిచిన బాలురు తాము చేరిన విశ్వవిద్యాలయములకు ఆటను వెంట గొనిపోగా, 1972 నవంబరు 6వ తేదీన రట్గర్స్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల నడుమ ఈ ఆటలో తొలి కళాశాల పోటీ జరిగినది. అంతకు సరిగా 103 సంవత్సరముల మునుపు, అదే తేదీన, అదే స్థలమున, అవే రెండు విద్యాపీఠముల నడుమ అమెరికాలో తొలి కళాశాల ఫుట్‌బాలు పోటీ జరిగి యుండెను. అప్పుడు రట్గర్స్ 6–4తో గెలిచెను. ఈ మాఱు 29–27తో గెలిచెను. వందయేండ్లకు పైబడిన ఎడము తరువాతను ఆ రెండు పాయింట్ల తేడా మాఱకపోవుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. 1975లో యేల్ విశ్వవిద్యాలయమున కళాశాలల జట్లు కొన్ని కూడి తొలి టోర్నమెంటు ఆడినవి. దానిలోను రట్గర్సే విజేత.

ఇంతవఱకు చెప్పినది ఏ ఆటను గూర్చియైనను చెప్పదగినదే. ఈ ఆటకు ప్రాణమైన విషయము వేఱొకటి కలదు. ఇందులో రిఫరీ లేడు. విజిలు లేదు. జాతీయ టోర్నమెంటు అంతిమ పోటీయందు సైతము, ఫౌలు జరిగెనా లేదా యని నిర్ణయించువారు ఆడుచున్న ఆ పదునలుగురే. పోటీ 14–14 వద్ద నిలిచి, రెండు రోజుల యెండలో వరుసగా ఆడి అలసిన కాళ్ళు వణకుచున్న వేళ, గమ్యస్థానమున ఒక విద్యార్థిని నేలకు జానెడెత్తున డిస్కును అందుకొని పచ్చికపై జాఱిపడెననుకొందము. డిస్కు నేలను తాకిన పిమ్మట ఆమె చేత చిక్కెనా, తాకకమునుపే చిక్కెనా? చూచువారికి దుమ్ము మాత్రమే కనబడినది. సత్యము ఆమె వ్రేళ్ళకు తెలియును. ‘నేలను తాకినది’ అని ఆమె చెప్పినచో పాయింటు లేదు, డిస్కు ఎదుటివారిది, బహుశః పతకమును వారిదే. అయినను ఆమె చెప్పవలెను, ఎంతోమంది చెప్పుదురు. అట్లే ప్రత్యర్థి మోచేయి తగిలినదని తోచిన ఆటగాడు ‘ఫౌల్’ అని పలుకును. ఎదుటివాడు ఒప్పుకొన్నచో తప్పు సరిదిద్దబడును, ఒప్పుకొననిచో ఇరువురును తమకు కనబడినది నెమ్మదిగా చెప్పికొందురు, అప్పటికిని ఏకీభావము కుదరకున్నచో డిస్కు విసరినవానికే మరలి ఆ ఘట్టము తిరిగి ఆడబడును. ఎవరును ఓడరు, ఎవరును మోసపోరు.

ఆరుగాలము శ్రమించి తెచ్చిన చెరుకును కాటాపై నిలిపిన రైతునకు ఆ తూకపు ముల్లు ఎంత ప్రాణప్రదమో బోధను ప్రాంతమువారికి నేను చెప్ప నక్కఱలేదు. 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరపు నీరు కాలువల వెంట పాఱి, ఆ దశాబ్దపు చివర షక్కర్‌నగరున నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడు వఱకును ఈ సీమ బ్రతుకంతయు ఆ ముల్లును నమ్ముకొనియే నడచినది. కొనువాడును అమ్మువాడును కలిసి ఆ ముల్లును చదివి, ఒకే అంకె పలుకుటకు మనస్సాక్షిగా బద్ధులైనచో ఎట్లుండునో, ఈ ఆటలో తీర్పు అట్లుండును.

ఈ ధర్మమును మాటలకే విడువక, కొలుచుటకు ఒక పద్ధతియు కలదు. పోటీ ముగిసినంతనే ఇరుజట్లవారును కలిసిపోయి, ఒకరి భుజములపై నొకరు చేతులు వేసికొని వలయముగా నిలిచి, జరిగిన ఆటను గూర్చి మంచిచెడులు నిర్మొగమాటముగా చెప్పుకొందురు. తరువాత ప్రతి జట్టును ఎదుటి జట్టు ప్రవర్తనకు మార్కులు వేయును: నియమముల పరిజ్ఞానము, దేహస్పర్శ విషయమున సంయమము, న్యాయబుద్ధి, ప్రసన్నత, సంభాషణ రీతి అను అయిదింటికిని సున్న మొదలు నాలుగు వఱకు. అన్నిటిలో ఎక్కువ సగటు సాధించిన జట్టునకు టోర్నమెంటు చివర ప్రత్యేక బహుమతి నిత్తురు. కడపటి స్థానమున నిలిచిన జట్టు ఈ బహుమతిని గైకొనుట అరుదు కాదు. గైకొనునపుడు దానిని ఊఱటగా నెవ్వరును భావింపరు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. చర్చలతో ఆట ఆగిపోవునని, నోరున్నవాడు నెమ్మదస్థుని లొంగదీయునని విమర్శకు లందురు. అమెరికాలో 2012లో ప్రారంభమైన వృత్తి లీగు రిఫరీలనే నియమించుకొన్నది. అంతర్జాతీయ పోటీలలో కొన్నిట సలహాదారులు ప్రక్కన నిలిచి, అడిగినపుడు తమ అభిప్రాయము చెప్పుదురు, తీర్పు మాత్రము ఆటగాండ్రదే. నోరుగలవాని పైచేయి యను ఆక్షేపణలో కొంత సత్యము కలదని నేనును ఒప్పుకొందును. అయితే దానికి మందు రిఫరీ కాడు; నియమముల అధ్యయనము. నియమావళిని చదువని జట్టే అఱచును, చదివిన జట్టు రెండు మాటలలో తేల్చును.

మన దేశమున ఈ ఆట వ్రేళ్ళూనిన పట్టణములలో చెన్నై ప్రధానమైనది. అచ్చటి బెసంట్ నగర్ సముద్రతీరపు ఇసుకలో వేర్వేఱు వాడల, వేర్వేఱు స్థితిగతుల బాలబాలికలు ఒకే జట్టుగా ఆడుటను చిత్రించిన ‘175 గ్రామ్స్’ అను లఘుచిత్రము 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. ఆ యేడే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ప్రపంచ ఫ్లయింగ్ డిస్క్ సమాఖ్యకు పూర్తి గుర్తింపు నిచ్చినది. మన హైదరాబాదునను ఈ ఆట ఆడువారు కలరు. భారతదేశమున ఎక్కువగా ఆడబడునది మిశ్రమ విభాగము: ఒక పక్షమున ఏడుగురిలో నలుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు, లేదా ముగ్గురు స్త్రీలు, నలుగురు పురుషులు. పేరునకు చేర్చుకొనిన ఆడపిల్లకు డిస్కు విసరక ఆటను నడపజూచిన జట్టు త్వరలోనే ఓడిపోవును, ఏలన ప్రతిపక్షము ఆమెను విడిచి తక్కినవారిని చుట్టుముట్టును. అందఱును అందఱికి విసరవలసినదే. నిఖత్ తన తండ్రి నడిగిన ప్రశ్న ఈ మైదానమున పుట్టుటకే తావు లేదు.

1925లో ఏర్పడిన అంతర్విశ్వవిద్యాలయ మండలియే నేడు భారత విశ్వవిద్యాలయ సంఘముగా మండల స్థాయిని, అఖిల భారత స్థాయిని క్రీడాపోటీలు నిర్వహించుచున్నది. 2020లో భువనేశ్వరున మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు దానికి తోడైనవి. ఏ ఆటయైనను విద్యార్థులు ముందుగా తమంత తాము ఆడి, తఱచుగా ఆడి, జట్లు పెంచినగాని ఇట్టి వేదికలపై నిలువజాలదు. ఈ ఆటకు ఖర్చు స్వల్పము: ఒక డిస్కు, గీతలకు సున్నము. నరికిన చెరుకు మోళ్ళు పాదములను చీల్చును గనుకను, వేసవిలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును గనుకను పొలములు దీనికి పనికిరావు. కళాశాల మైదానమే తగినచోటు, ఉదయమో సాయంకాలమో తగినవేళ. మొదటి నెల విసరుటకును పట్టుటకును వినియోగించి, రెండవ నెలనుండి వారమున కొకదినము మైదానమున కాక తరగతి గదిలో కూర్చుండి నియమావళిని చదివి, ఒక్కొక్క ఘట్టమును బల్లపై గీసి వాదించుకొన్న జట్టు జాతీయ పోటీలో తొలి సంవత్సరము ఓడినను తల దించుకొననక్కఱలేదు. ఆ నియమావళిని సులభమైన తెలుగున అచ్చువేయించి మన కళాశాలల పీడీ సార్లందఱి చేతికి అందించు పనికి డిచ్‌పల్లి విశ్వవిద్యాలయపు వ్యాయామవిద్యా విభాగము పూనుకొనవలెనని నా మనవి.