లేబుల్ ఒకటే, ప్రాసెసర్లు మూడు: పాత పీసీలకు ప్యాకేజీలు కట్టడం ఎలా?

ఏపీకే డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘ఆర్మ్64-వీ8ఏ’, ‘ఆర్మ్‌ఈఏబీఐ-వీ7ఏ’ అని రెండు రకాలు కనిపిస్తాయి కదా. పాత 32-బిట్ ఫోన్‌లో మొదటిది పెడితే అసలు ఇన్‌స్టాలే అవదు. పాత పీసీల్లో ఆ సుఖం కూడా లేదు. పనికిరాని ప్యాకేజీ సైతం చక్కగా ఇన్‌స్టాల్ అయిపోయి, ఓపెన్ చేశాక ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని చెప్పి పడిపోతుంది.

నేను చూసుకునే పాత మిషన్లు మూడు. బందరులో మా ఇంట్లో పెంటియం 3, గుడివాడలో మా బాబాయి డీటీపీ షాపులో 32-బిట్ పెంటియం 4, దివిసీమలో అవనిగడ్డ స్నేహితుడి దగ్గర ఏఎండీ కే6-2. మూడింటిలోనూ డెబియన్ లినక్సే. బాబాయి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి పారలల్ పోర్టే కావాలి, అందుకే ఆయన మిషన్ మార్చనంటాడు.

ఏది ఎక్కడ ఆగింది?

డెబియన్ లెక్కలో ఈ మూడూ ‘ఐ386’లే. 1985 నాటి ఇంటెల్ 80386 పేరది. పేరు అలాగే ఉంది కానీ, లోపలి కనీస అర్హత పెరుగుతూ వచ్చింది. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి ‘ఐ686’ ఇన్‌స్ట్రక్షన్లు తప్పనిసరి. కే6-2కి అందులోని ‘సీమోవ్’ తెలీదు, కాబట్టి అది డెబియన్ 8 దగ్గరే ఆగింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఎస్ఎస్ఈ2 అడుగుతుంది. పెంటియం 3లో ఎస్ఎస్ఈ ఉంది, ఎస్ఎస్ఈ2 లేదు. దానికి డెబియన్ 12తో సరి. పెంటియం 4లో ఎస్ఎస్ఈ2 ఉన్నా, డెబియన్ 13లో 32-బిట్ కెర్నల్, ఇన్‌స్టాలర్ రెండూ తీసేశారు. ప్రోగ్రాములు నడుస్తాయి, కెర్నల్ మాత్రం మనమే కట్టుకోవాలి.

నేను పాటించే పద్ధతి

ఈ మిషన్ల మీదే కంపైల్ చేస్తే రాత్రికి రాత్రి తెల్లారిపోతుంది. అందుకే నా 64-బిట్ ల్యాప్‌టాప్‌లో ఒక్కో డెబియన్ వెర్షన్‌కి విడిగా ఒక క్రూట్ పెట్టుకున్నా. జీసీసీకి ‘మార్చ్’ ఆప్షన్‌లో కే6-2, పెంటియం3 అని చెబితే ఆ చిప్‌కి సరిపడా కోడ్ ఇస్తుంది. అయినా నమ్మకూడదు. వీడియో కోడెక్‌ల లాంటి వాటిలో చేత్తో రాసిన అసెంబ్లీ ఉంటుంది, దానికి ఈ ఆప్షన్ వర్తించదు. రస్ట్‌లో రాసినవైతే డిఫాల్ట్‌గా పెంటియం 4 స్థాయి కోడే వస్తుంది.

అందుకని ప్రతి ప్యాకేజీనీ క్యూఎంయూలో పాత సీపీయూ మోడల్ పెట్టి నడిపి చూస్తా. ఇక్కడో కిటుకు: కేవీఎం ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే కోడ్ నేరుగా ల్యాప్‌టాప్ చిప్ మీదే నడుస్తుంది. దానికి ఎస్ఎస్ఈ2 వచ్చు కాబట్టి తప్పు బయటపడదు. ఆఖరి పరీక్ష మాత్రం అసలు మిషన్ మీదే.

ఇంకోటి, పాత బోర్డుల్లో సీమాస్ బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ప్యాకేజీలన్నీ సరిగ్గా ఉన్నా, రిపాజిటరీ ఫైల్ ఇంకా చెల్లదని ‘ఆప్ట్’ మొండికేస్తుంది. ముందు తేదీ చూడండి.

ఫాంట్‌కి ఈ బాధ లేదు

తెలుగు ఫాంట్ ప్యాకేజీలకు డెబియన్‌లో ‘ఆర్కిటెక్చర్: ఆల్’ అని ఉంటుంది. అది డేటా మాత్రమే, ఒకసారి కడితే అన్ని చిప్‌లకీ సరిపోతుంది. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టిన ‘మండలి’ ఫాంట్ మూడు మిషన్లలోనూ ఒకే ఫైల్. కానీ ఒత్తుల్ని సరైన చోట కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ప్రోగ్రామ్ కదా, దాన్ని చిప్‌కి తగ్గట్టు కట్టాల్సిందే. ఫాంట్ ఉన్నా ఇది పడిపోతే తెలుగు చదవలేం.

ఇదంతా మ్యూజియం గొడవ అనుకోకండి. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10కి ‘ఎక్స్86-64-వీ3’ కావాలి, అంటే ఏవీఎక్స్2 ఉండాలి. 2012 నాటి మూడో తరం కోర్ ఐ5లో అది లేదు. మీ అన్నయ్య ఇంజినీరింగ్‌లో వాడిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే ‘ఎల్ఎస్‌సీపీయూ’ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్ లైన్ చదవండి. అది ఎన్నాళ్లు నడుస్తుందో ర్యామ్ కంటే ఆ లైనే బాగా చెబుతుంది.