బూజు చేసిన సంధికార్యము

నిలువయున్న రొట్టెపై బూజు కనిపించినచో మనము ఏవగించుకొని పారవేయుదుము. అట్టి బూజు జాతులలో ఒకటియైన పెనిసిలియమ్ నుండియే మానవజాతికి పెన్సిలిన్ లభించినది. 1928లో లండన్ నగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన ప్రయోగశాలలోని గాజు పళ్లెములో ఆ బూజు చుట్టును బాక్టీరియా నశించుట గమనించెను. ఈ కథ మన విద్యార్థులు ఎరిగినదే. కాని ఆ మందును బూజు ఏ విధముగా నిర్మించుచున్నదో తెలిసినవారు కొలదిమందియే.

జీవకణములలో రసాయన క్రియలను నడపు ప్రోటీనులకు ఎంజైములని పేరు. పెన్సిలిన్ నిర్మాణమునకు బూజు ముఖ్యముగా మూడు ఎంజైములను వినియోగించును. ముడిసరుకు మూడు అమైనో ఆమ్లములు: అమైనో ఆడిపిక్ ఆమ్లము, సిస్టీన్, వాలీన్.

మొదటి ఎంజైము మిక్కిలి పెద్దది. అది ఈ మూడింటిని వరుస తప్పక గొలుసుగా కూర్చును. కూర్చుచు, వాలీన్‌ను దాని అద్దపు ప్రతిబింబ రూపమునకు మార్చును.

రెండవ ఎంజైములో ఇనుము ఉన్నది. ఇది ఒక ఆక్సిజన్ అణువు సాయముతో గొలుసు నుండి నాలుగు హైడ్రోజన్ పరమాణువులను తొలగించును. అవి రెండు నీటి అణువులై వెడలిపోవును. హైడ్రోజన్ తొలగిన చోట్లు ఒకదానితో నొకటి బంధించుకొనగా నాలుగు పరమాణువుల వలయమొకటి, ఐదు పరమాణువుల వలయమొకటి ఏర్పడును. 'రాముడు', 'అతడు' అను పదములు 'రాముడతడు' అగునపుడు ఉకారము లోపించిన చోటనే కలయిక జరుగుట మనము వ్యాకరణమున చదివియున్నాము. ఇదియు అట్టిదే.

మూడవ ఎంజైము అమైనో ఆడిపిక్ భాగమును తీసివేసి, దాని స్థానమున ఫినైల్ అసిటిక్ ఆమ్ల భాగమును చేర్చును. అదియే పెన్సిలిన్ జి. కార్ఖానాలలో బూజు పెరుగు తొట్లకు ఈ ఆమ్లమును అందించుట ఇందులకే.

1957లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ షీహన్ ప్రయోగశాలలో పెన్సిలిన్ వి యొక్క సంపూర్ణ సంశ్లేషణ సాధించెను. అది గొప్ప విజయమే. అయినను నేటికిని పెన్సిలిన్ ఉత్పత్తికి మానవుడు బూజునే ఆశ్రయించుచున్నాడు.

నాలుగు పరమాణువుల వలయము వంచిన బద్ద వలె బిగువుతో నుండును. అది విడివడి, బాక్టీరియా గోడను కట్టు ఎంజైమునకు అంటుకొని దాని పనిని నిలిపివేయును. మందు యొక్క బలమంతయు ఆ వలయములోనే ఉన్నది, బలహీనతయు అక్కడనే. కొన్ని బాక్టీరియా తమ సొంత ఎంజైముతో ఆ వలయమును ముందుగానే త్రెంచివేయును. అంతట మందు నిష్ప్రయోజనమగును. వైద్యుని సలహా లేక, అవసరము లేనిచోట ఇట్టి మందులను వాడినచో అట్టి బాక్టీరియాకే వృద్ధి కలుగును.

ఇంటిలో జ్వరము వచ్చినవారికి అంగడి నుండి మాత్రలు తెచ్చిపెట్టునది తరచుగా మన విద్యార్థులే. బూజు ఇంత నేర్పుతో కూర్చిన వలయమును మన తొందరపాటుచే వ్యర్థము చేయకుండుట వారి చేతిలోని పని. చదివిన విజ్ఞానము అట్టి చిన్న పనులలో కనిపించవలెనని మా ఆకాంక్ష.