నలుగురి బొమ్మలో ఇమడని ఇళ్లు

ఉత్తరాంధ్ర ఊళ్ల పేర్ల చివర తరచుగా వినిపించే ‘వలస’ అనే మాట, ఒకచోటి నుంచి కదలివచ్చి మరొకచోట నిలదొక్కుకున్న కుటుంబాలను గుర్తుచేస్తుంది. కిరండూల్ రైలుమార్గం మొదలయ్యే కొత్తవలస అటువంటి పేరున్న ఊరే. పని వెతుక్కుంటూ పెద్దలు హైదరాబాదుకో చెన్నైకో, తీర గ్రామాలవారైతే గుజరాత్‌లోని వేరావల్ రేవుకో వెళ్లడం, పిల్లలు తాత, నాయనమ్మల దగ్గర పెరగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అయినా ‘కుటుంబం’ అనే మాటకు బొమ్మ వేయవలసివస్తే తల్లి, తండ్రి, కొడుకు, కూతురు మాత్రమే కనిపించడం అలవాటైపోయింది. 1960లలో ఎర్ర త్రికోణంతో గోడలకెక్కిన కుటుంబ నియంత్రణ ప్రకటనలలో ఉన్నవీ ఆ నాలుగు ముఖాలే. జనాభా అదుపు కోసం గీసిన ఆ బొమ్మతో పోల్చుకుంటే, నాయనమ్మతో ఉంటున్న పిల్లకు తన ఇంట్లోనే ఏదో లోటున్నట్టు తోచవచ్చు.

ఈ లోటు తీర్చగల సాధనాలలో బొమ్మల కథల పుస్తకం ఒకటి. ఇందులో బొమ్మ కేవలం అలంకారం కాదు, సగం కథ అదే చెబుతుంది. పాప బడికి బయలుదేరిందని వాక్యం చెప్పి ఊరుకుంటే, జడ వేస్తున్న ముడతలు పడిన చేతులు ఆ ఇంటి సంగతంతా చెబుతాయి. పిల్లల పుస్తకాలు తమను తాము చూసుకునే అద్దాలుగానూ, ఇతరుల జీవితాలను చూసే కిటికీలుగానూ ఉండాలని అమెరికన్ విద్యావేత్త రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో ప్రతిపాదించిన భావన ఈ చర్చకు పునాది అయింది. ఇద్దరు తల్లులున్న పాప కథతో లెస్లియా న్యూమన్ 1989లో తెచ్చిన పుస్తకం వివాదాన్ని రేపగా, మేరీ హాఫ్మన్ 2010లో వెలువరించిన పుస్తకం రకరకాల కుటుంబాలను ఒకేచోట సరదాగా చూపింది.

తెలుగులో ఈ దిశగా చెప్పుకోదగిన ప్రయత్నం హైదరాబాదులోని అన్వేషి మహిళా అధ్యయన కేంద్రానిది. ‘డిఫరెంట్ టేల్స్’ పేరిట 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషలలో వచ్చిన ఆ కథలు, పాఠ్యపుస్తకాలలో చోటు దొరకని ఇళ్లలోకి పాఠకులను తీసుకువెళ్లాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో ఒక ముస్లిం ఇంటి తలకాయ కూర వంటకమే విశేషం. జయశ్రీ కలథిల్ కథలో దుఃఖం కమ్మిన ఇంటి అమ్మాయికీ, లోకం పిచ్చివాడనుకునే మనిషికీ స్నేహం కుదురుతుంది.

తల్లి అక్కను పెద్దమ్మ అనీ, తండ్రి అన్నను పెదనాన్న అనీ పిలిచే తెలుగు భాష, అమ్మానాన్నల స్థానాన్ని ఇద్దరికే పరిమితం చేయలేదు; బొమ్మలే ఆ విస్తృతిని అందుకోవలసి ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదిక, కథలను ఎవరైనా అనువదించుకోవడానికి, మార్చుకోవడానికి బహిరంగ లైసెన్సు ద్వారా అనుమతిస్తున్నందున, కొత్తవలస ఉపాధ్యాయులు కూడా తమ పిల్లల వరుసలతో, పలుకుబడులతో కథలు సిద్ధం చేసుకోవచ్చు. అయితే తండ్రి సంక్రాంతికి తిరిగిరావడంతోనే కథ సుఖాంతమైతే, అంతవరకూ ఆ ఇల్లు అసంపూర్ణమన్న అర్థం మిగులుతుంది. ఆయన రాకముందు గడిచిన మామూలు మంగళవారం కూడా పూర్తి కథేనని చూపగలిగిన పుస్తకమే ఆ పిల్లకు నిజమైన అద్దమవుతుంది.