వీపు వెనక వేళ్ల భాష

మీర్‌పేట్ కుర్రాళ్లు ఖాళీ జాగాలో నెట్ కట్టి ఆడేది ఆరుగురి వాలీబాల్. సింధు తండ్రి పి.వి. రమణ ఉన్న భారత జట్టు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిందీ ఆ ఆటలోనే. అందులో బ్లాక్ చేసేటప్పుడు బంతి చేతికి తగిలినా ఇంకా మూడు టచ్‌లు ఉంటాయి. ఇసుకలో ఇద్దరే ఆడే బీచ్ వాలీబాల్‌లో అలా కాదు... బ్లాక్ కూడా ఒక టచ్చే. ఇక మిగిలేవి రెండే!

అందుకే నెట్ దగ్గరి ఆటగాడు సర్వీసుకు ముందే వీపు వెనక చేత్తో సైగ చేస్తాడు. ఒక వేలు చూపిస్తే, గీత వెంబడి వచ్చే షాట్‌కు అడ్డుపడతానని. రెండు వేళ్లయితే ఐమూలగా వచ్చేదానికి. పిడికిలి బిగిస్తే బ్లాక్ చేయనని. మిగతా వైపంతా వెనకున్నవాడిదే.

కోర్టు వెడల్పు 8 మీటర్లు. అన్ని దారులూ ఒక్కడు మూయలేడు. బంతిని చూసి మనసు మార్చుకుని పక్కకు ఎగిరాడా... జోడీకిచ్చిన మాటతోపాటు పాయింటూ పోయినట్టే!